తోకలో రాయి

సూది కొనతో రొయ్య మీసాన్ని పక్కకు జరిపి, ఊపిరి బిగబట్టి, మైక్రోస్కోపు చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పింది మీసాలమ్మ.

అది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. సముద్ర పరిశోధనశాలలో చేరిన కొత్తలో ఎవరో "ఏం పనమ్మా నీది?" అని అడిగారు. "రొయ్యల మీసాలు లెక్కపెట్టడం" అంది. అంతే, పేరు అతుక్కుపోయింది. ఒక పెద్దమనిషి తన మీసం దువ్వుకుంటూ "మావి కూడా లెక్కపెడతావా?" అని ఎకసెక్కమాడబోయాడు. "రొయ్యకూ ఉన్నాయండీ బారెడు మీసాలు. పాపం, అది ఇంత వాగదు" అంది. ఆయన మర్నాడు మీసం తీసేసి వచ్చాడని చెప్పుకుంటారు. ఎంత నిజమో తెలియదు గానీ, ఆ తర్వాత ఆవిడ జోలికి ఎవరూ పోలేదు.

నిజానికి ఆవిడ చూసేవి రొయ్యలు కూడా కాదు. రొయ్యలకు దూరపు చుట్టాలు. బియ్యపుగింజంత ఉంటాయి. అద్దంలోంచి చూసినట్టు ఒంట్లో పేగులు కనిపిస్తాయి. అఖాతంలో ఏ రకం ఎక్కడ బతుకుతోందో చూసి, పటం మీద అక్కడ ఒక చుక్క పెట్టడం ఆవిడ పని. పెళ్ళీ పెటాకులూ లేని జీవితం మొత్తం అందులోనే గడిచింది.

పొట్టి మనిషి. కటకం మీదికి వంగీ వంగీ మెడ ముందుకు సాగిపోయింది. కుడికన్ను ఎడమకన్ను కంటే చిన్నదైపోయింది. తెల్లకోటు ఉతికీ ఉతికీ ఉల్లిపొరలా తయారైంది. బల్ల మీద ఆనించిన మోచేతుల దగ్గర గుడ్డ సాగి, వంకీకి తగిలించినా దాని చేతులు వంగే ఉంటాయి. "నువ్వు సెలవు పెట్టినా నీ కోటు పనిచేసుకుపోయేలా ఉంది" అని మేనకోడలు వేళాకోళం చేస్తుంది.

ఆ మేనకోడలే ఇప్పుడు తలుపు తోసుకుని వచ్చింది. ఈ గదిలోనే, ఈ ముక్కాలిపీట మీదే, అత్త ఒళ్ళో కూర్చుని మొదటిసారి కటకంలో కన్ను పెట్టిన పిల్ల. ఈ ఏడాది నుంచి ఈ విభాగానికి పెద్ద. ఆఫీసులో అత్తను "మేడమ్" అనాలని నియమం పెట్టుకుంది. కోపమొస్తే మరిచిపోతుంది.

"అత్తా, ఆ చుక్క తీసేస్తున్నా."

మీసాలమ్మ తల ఎత్తలేదు. "ఏ చుక్క?"

"ఏ చుక్కో నీకు తెలుసు."

తెలుసు. అఖాతానికి ఉత్తరం వైపు, ఆటుకు కూడా నీళ్ళలోనే మునిగి ఉండే బురదతిన్నె ఒకటుంది. పటం మీద ఆ తిన్నె అంతా తెల్లగా ఉంటుంది, ఒక్క చుక్క తప్ప. ఆ చుక్క 'రాయితోక'ది. ఆ రకానికి విసనకర్రలాంటి తోకలో రెండు వైపులా రెండు గుండ్రని రాళ్ళుంటాయి, దుమ్ముకణమంత. ఏది పైన, ఏది కింద అని దానికి తెలిసేది ఆ రాళ్ళ బరువును బట్టే. రాయితోకను పోల్చుకోవాలంటే మొదట చూడవలసింది తోక. బల్ల ఎదుట గోడకు వేలాడే గుర్తింపు పట్టీలో మొదటి ప్రశ్నే అది: *తోకలో రాయి ఉందా? లేకపోతే పక్కన పెట్టండి.* ఆ పట్టీ రాసింది మీసాలమ్మే.

రేవును లోతు చేస్తున్నారు. తవ్వి తీసిన మట్టిని ఎక్కడో ఒకచోట పోయాలి. పటం మీద ఎక్కడ తెల్లగా ఉంటే అక్కడ పోస్తారు. తిన్నె అంతా తెల్లగా ఉంది. అడ్డం ఆ ఒక్క చుక్కే.

"నువ్వు పట్టినదాన్ని దాచిన సీసా తీయించి చూశాను" అంది మేనకోడలు. "కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఒళ్ళు ఖాళీగా ఉంది. అది కుబుసం అత్తా. ఎక్కడో విడిచింది, ప్రవాహంలో కొట్టుకొచ్చి నీ వలలో పడింది."

"ఇన్నేళ్ళు స్పిరిట్‌లో నానబెడితే నీ కళ్ళూ తెల్లబడతాయి, నీ ఒళ్ళూ వట్టిపోతుంది."

"ఆ తిన్నె మీద మళ్ళీ ఒక్కటి దొరికిందా? నీకు దొరికిందా? నాకు దొరికిందా?"

మీసాలమ్మ సూది కింద పెట్టింది. "పట్టిన రోజు దాని కళ్ళు నల్లగా ఉన్నాయే. మిరియపు గింజల్లా నిగనిగలాడుతున్నాయి. నేను చూశాను."

"నువ్వు చూశావు. నేను చూడలేదు. పటం కింద సంతకం నాది. కళ్ళారా చూడనిదే చుక్క పెట్టకూడదని నాకు నేర్పిందెవరు?"

దెబ్బ సూటిగా తగిలింది. తను చెక్కిన కర్ర తన వీపు మీదే విరిగింది.

"పటం ఎప్పుడు పంపాలి?"

"సాయంత్రం ఐదింటికి."

"అయితే కళ్ళారా చూపిస్తా." కోటు విప్పి వంకీకి తగిలించింది.

"అత్తా! పడవ ఎక్కొద్దని డాక్టర్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. మొన్న గుండె మొరాయించినప్పుడు ఎంత భయపెట్టావో గుర్తుందా?"

"ఎక్కొద్దన్నాడు. మన రేవులో పడవలోకి దిగుతారు, ఎక్కరు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

*

పడవ దగ్గర సరంగు సిద్ధంగా ఉన్నాడు, అడ్డం పడటానికి. ఎండుచేపలా వడిలిన మనిషి. తలకు పాత టోపీ, చేతిలో ఎప్పుడూ ఆరని టీ గ్లాసు. మీసాలమ్మ తొలి చుక్క నుంచి అతనే పడవ నడుపుతున్నాడు.

"మీ కోడలుపిల్ల ఫోన్ చేసిందమ్మా. మిమ్మల్ని ఎక్కించుకుంటే తోలు వలుస్తానంది."

"వలిస్తే వలవనీ. కొత్తది వస్తుంది. నా రొయ్యలు ఎన్నిసార్లు వలుచుకోవడం లేదూ?"

"రొయ్యలకి పెళ్ళాం పిల్లలు అడగరు కదమ్మా, పాతతోలు ఏదని!"

"ఇంజను తియ్యి. కబుర్లు నీళ్ళ మీద చెప్పుకుందాం."

అతను తల కొట్టుకున్నాడు. తాడు విప్పాడు. ఆవిడ సంగతి అతనికి తెలుసు. కాదంటే అవతలి పడవవాణ్ణి అడుగుతుంది. వాడికి బురదలో దారి తెలియదు.

రేవు గోడ దాటగానే గాలి మొహాన కొట్టింది. మీసాలమ్మ వల మీద కూర్చుని అఖాతాన్ని చూసింది. అందరికీ అక్కడ నీళ్ళు కనిపిస్తాయి. ఆవిడకు చుక్కలు కనిపిస్తాయి. అదుగో, దీపస్తంభం కింద చుక్క: ఆ రోజు వాంతులతో పేగులు నోట్లోకి వచ్చాయి. రాళ్ళగుట్ట పక్కన మూడు చుక్కలు: అవి పెట్టిన వారంలోనే అన్నయ్యకు కూతురు పుట్టింది. పిల్ల మొహం చూడ్డానికి ఉప్పుబట్టలతోనే వెళ్తే, వదిన "ముందు స్నానం చెయ్యి, చేపల కంపు" అని తరిమింది. ఆ దూరపు చుక్క పెడుతున్నప్పుడే అమ్మ పోయింది. ఒడ్డుకు వచ్చాక తెలిసింది. అమ్మ కోసం ఏడుస్తూనే సీసా మీద చీటీ అంటించింది. చీటీ లేని సీసా చెత్తతో సమానం.

పెద్ద పుస్తకాల్లో ఆవిడ పేరు లేదు. ఉండాలని అడగనూ లేదు. అడిగింది ఒక్కటే: పెట్టిన చుక్క చెరపొద్దని.

"తిన్నె వచ్చిందమ్మా."

వల వేశారు. ఇంజను నెమ్మదిగా ఈడ్చింది. పైకి లాగి, జల్లెడలో పోసి, భూతద్దం పట్టింది మీసాలమ్మ. తోకలో రాళ్ళు మెరిశాయి. గుండె గంతేసింది. మరుక్షణం చతికిలబడింది. కళ్ళు తెల్లగా, గాజుల్లా ఉన్నాయి. ఒంట్లో ఏమీ లేదు. కుబుసం. దాని పక్కనా కుబుసమే. దాని పక్కనా.

మళ్ళీ వేశారు. మళ్ళీ కుబుసాలే. జల్లెడ నిండా, మీసాలతో సహా ఊడొచ్చిన ఖాళీ చొక్కాలు.

ఎడమ భుజం కింద ఏదో సన్నగా గుచ్చింది. ఆవిడ అటు తిరిగి, చేత్తో అదిమిపెట్టి, ఇటు తిరిగింది.

"వెళ్దామా అమ్మా?" అన్నాడు సరంగు. చూడనట్టే చూశాడు.

"ఆ పిల్ల చెప్పిందే నిజమేమో" అంది మీసాలమ్మ. ఆ మాట ఆవిడ నోట రావడం అతను ఎన్నడూ వినలేదు. "అన్నీ కొట్టుకొచ్చిన కుబుసాలే."

సరంగు జల్లెడలోకి తొంగి చూశాడు. "ఇవన్నీ విడిచిన బట్టలా?"

"ఊఁ."

"గట్టు మీద బట్టలుంటే స్నానం చేసేవాడు నీళ్ళలోనే ఉండాలి కదమ్మా. ఇన్ని బట్టలు వదిలేసి అందరూ బిత్తల ఎక్కడికి పోతారు?" అని తన హాస్యానికి తనే పకపకా నవ్వాడు.

మీసాలమ్మ నవ్వలేదు. భూతద్దం మళ్ళీ కంటికి పెట్టుకుంది. కుబుసాలు ఒక్కటీ చిరగలేదు. మీసాలు కూడా తెగలేదు. ఎక్కడినుంచో కొట్టుకొస్తే పీలికలై ఉండాలి. ఇవి ఇప్పుడే, ఇక్కడే విడిచినవి.

"సరంగూ! వలకు ఇంకా సీసపు గుళ్ళు కట్టు. బురద గీరుకుంటూ పోవాలి."

"వల చిరుగుతుందమ్మా."

"చిరిగితే కుట్టుకుందాం. కట్టు."

ఈసారి వల పైకి రావడానికి ఇద్దరి బలం కావలసి వచ్చింది. డాక్టర్ చూస్తే అక్కడే స్పృహ తప్పేవాడు. బురదను నీళ్ళతో కడిగారు, మళ్ళీ కడిగారు. జల్లెడ అడుగున జిగురుముద్దల్లా, మెత్తగా, వాడిన పూరేకుల్లా కొన్ని ప్రాణులు మిగిలాయి. ఒక్కదానికీ నిటారుగా నిలిచే ఓపిక లేదు. కానీ కళ్ళు! నల్లగా, మిరియపు గింజల్లా, అన్నీ ఆవిడనే చూస్తున్నాయి.

మీసాల కీళ్ళు చూసింది. రాయితోకవే. తోక చూసింది. రాయి లేదు.

ఇంకొకటి చూసింది. రాయి లేదు.

అప్పుడు వచ్చింది నవ్వు. పడవ అంచు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. సరంగు బెదిరిపోయాడు.

"ఏమైందమ్మా?"

"కుబుసం విడవడానికే ఇది ఈ తిన్నెకు వస్తోందయ్యా! విడిచేటప్పుడు రాయిని కూడా దాంతోనే వదిలేస్తోంది! కొత్త రాయి చేసుకునేదాకా పైనా కిందా తెలియక బురదలో పడుకుంటోంది. మేమేమో ముందు రాయి ఉందా అని చూస్తాం. రాయి ఉన్నదానికి ఒళ్ళు లేదు. ఒళ్ళు ఉన్నదానికి రాయి లేదు. కుబుసమని దాన్ని పారేశాం, రాయి లేదని దీన్ని పారేశాం. తిన్నె ఖాళీ అని రాసుకున్నాం!"

"మరి మీకు అప్పుడు దొరికింది?"

"బట్టలు విప్పకముందే దొరికిపోయిన తొందరపాటుది." ఆవిడ అతని చేతిలోని టీ గ్లాసు లాక్కుని, టీ సముద్రంలో పారబోసి, కడిగి, నీళ్ళు ముంచి, ఒక ప్రాణిని అందులోకి జార్చింది. మిగిలినవాటిని వాటి బురదలోకే వదిలేసింది.

"నా గ్లాసు!" అన్నాడు సరంగు.

"రేపిస్తా."

*

ఆఫీసు మెట్లు ఎక్కేసరికి మూడుచోట్ల ఆగవలసి వచ్చింది. ప్రతిచోటా గోడ మీద నోటీసులు చదువుతున్నట్టు నిలబడింది. గదిలోకి వచ్చి కోటు వేసుకుంది. తడి చేతుల బురద కోటు అంచుకు అంటింది. కోటు లేకుండా పటం ముందు నిలబడటం ఆవిడకు చేతకాదు.

గ్లాసు తెచ్చి మేనకోడలి బల్ల మీద పెట్టింది, సరిగ్గా పటం మీద.

"నీళ్ళు పడతాయి!" అని మేనకోడలు పటం లాక్కుంది. తర్వాత అత్త మొహం చూసింది. "పెదాలు నీలంగా ఉన్నాయి. ముందు కూర్చో."

"ముందు చూడు."

మేనకోడలు చూసింది. చాలాసేపు చూసింది. పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. నేర్పినవాళ్ళు అటువంటివాళ్ళు.

"కళ్ళు నల్లగా ఉన్నాయి. బతికే ఉంది. కానీ రాయి లేదు."

"లేదు."

"రాయి లేకపోతే రాయితోక కాదు. నీ పట్టీయే చెప్తోంది."

మీసాలమ్మ తన గదిలోకి వెళ్ళి, గోడ మీది పట్టీని మేకుతో సహా ఊడబెరికి తెచ్చింది. ఎర్రకలంతో మొదటి ప్రశ్నకు అడ్డంగా గీత కొట్టింది. "రాసినదాన్ని నేనే. తప్పు రాశాను. రాయి వస్తుంది. కుబుసం విడిచింది ఇప్పుడే. ఒళ్ళు గట్టిపడేలోగా చేసుకుంటుంది."

"ఎప్పుడు?"

"నీ టైమూ నా టైమూ దానికెందుకు? రేపటికి చేసుకుంటుందనుకుంటా."

"అనుకుంటావా? అత్తా, ఐదు కావస్తోంది. రేవువాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. నువ్వు చెప్పావని చుక్క ఉంచితే రేపు నన్నందరూ ఏమంటారు? అత్త మొహం చూసి పెట్టిందంటారు."

"నా మొహం చూసి పెట్టకు" అంది మీసాలమ్మ. గొంతు గట్టిగానే ఉంది. "నేను చెప్పానని వినకు. పెద్దదాన్నని వినకు. దాన్ని చూసి పెట్టు. చూడనిదే పెట్టకూడదని నేర్పాను, అవును. సగం నేర్పాను. మిగతా సగం ఇప్పుడు విను: చూడనిదే తీయకూడదు కూడా."

గ్లాసులో ఆ ప్రాణి అడుగున పక్కకు ఒరిగి, కాళ్ళు ఆడిస్తోంది.

ఫోన్ మోగింది. మేనకోడలు తీసింది. అవతలి గొంతు గది అంతా వినిపించింది.

"ఈరోజు ఇవ్వడం లేదండీ" అంది మేనకోడలు. "రేపు... కారణమా? చూడాల్సింది ఒకటుంది... పైవాళ్ళకు చెప్తారా? చెప్పండి. నంబరు కావాలా, నా దగ్గరుంది... లేదు, ఈ సాయంత్రం కాదు. రేపంటే రేపే."

ఫోన్ పెట్టేసి చూస్తే అత్త చెవుల దాకా నవ్వుతోంది.

"ఎందుకా నవ్వు?"

"అచ్చం నా గొంతే వచ్చింది నీకు."

"వస్తుంది మరి. ఇరవైనాలుగు గంటలూ వింటే." మేనకోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "పద, డాక్టర్ దగ్గరికి పోదాం."

"టీ తాగి పోదాం. నా వల్ల ఒకాయన టీ సముద్రం పాలైంది. ఆయన పేరు చెప్పుకుని తాగుతా."

మేనకోడలు టీ తేవడానికి వెళ్ళింది. మీసాలమ్మ తన గదిలోకి వచ్చింది. కోటు విప్పి వంకీకి తగిలించింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. అక్కడినుంచి అఖాతం కనిపిస్తుంది. ఎండ వాలి, బురదతిన్నె మీద నీళ్ళు మాత్రం వేరే రంగులో ఉన్నాయి. ఆవిడ ఎడమచేత్తో కుడిచేతి బురద గోకుతూ అటే చూసింది. భుజం కింద ఆ గుచ్చడం మళ్ళీ వచ్చింది. ఈసారి అదిమిపెట్టలేదు.

మేనకోడలు రెండు టీలతో వచ్చేసరికి, కిటికీ వైపు తిరిగిన ఆ కళ్ళు తిన్నె మీదే ఉన్నాయి. "అత్తా" అని పిలిచింది. "మేడమ్" అని కూడా పిలిచింది. టీలు చల్లారిపోయాయి.

*

మర్నాడు ఉదయం, ఇంటి నిండా జనం ఉండగా, మేనకోడలు ఎవరికీ చెప్పకుండా ఆఫీసుకు వచ్చి, గ్లాసు తీసుకుని అత్త గదిలో కూర్చుంది. వాచిన కళ్ళతో కటకంలోకి చూడటం కష్టం. తుడుచుకుని చూసింది. మసకేసింది. మళ్ళీ తుడుచుకుంది.

గ్లాసులో ఆ ప్రాణి నిటారుగా నిలబడి ఈదుతోంది. ఏది పైనో, ఏది కిందో తెలిసినదానిలా. తోకలో రెండు వైపులా, దుమ్ముకణమంతవి, రెండు రాళ్ళు.

ఆమె పటం పరిచింది. పాత చుక్క మీద చెయ్యి వెయ్యలేదు. దాని పక్కన, అత్త జల్లెడ కడిగిన ప్రతిచోటు సరంగును అడిగి, కొత్త చుక్కలు పెట్టింది. కింద తన సంతకం పెట్టి, పటం రేవువాళ్ళకు పంపించింది. వాళ్ళు మట్టి పోసుకోవడానికి వేరే చోటు వెతుక్కోవలసి వస్తుంది. వెతుక్కోనీ.

సరంగు తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె గ్లాసు ఇచ్చింది.

"ఎక్కడ పట్టారో అక్కడే వదులు బాబాయ్. గ్లాసు కడుక్కో, నీదే."

అతను తల ఊపాడు. వెళ్ళబోతూ గోడ వైపు చూశాడు. గ్లాసు మీద అరచెయ్యి మూసి మెట్లు దిగిపోయాడు.

గోడ మీద వంకీకి తెల్లకోటు వేలాడుతోంది. అంచున తిన్నె బురద ఎండి పొలుసులుగా లేచింది. మోచేతుల దగ్గర దాని చేతులు ఇంకా వంగే ఉన్నాయి.